పాత సెయిల్‌బోటు డెక్‌లో నీటి కారుదల: ఎక్కడ వెతకాలి, ఎలా ఆపాలి

నమస్కారం అండీ. మీ ప్రశ్న సారాంశం ఇదీ: 1970ల చివర్లో తయారైన 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోటు కొన్నారు. వాన పడితే కుడివైపు బెర్త్ మీద పరుపు తడుస్తోంది. పైన కనిపించిన ప్రతి ఫిట్టింగ్ చుట్టూ సిలికాన్ పూశారు. కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. స్టాంచన్ల (డెక్ అంచున కంచె తీగను పట్టి ఉంచే నిలువు కడ్డీల) దగ్గర నడిస్తే డెక్ కాలి కింద కాస్త దిగుతున్నట్టు ఉంది. ఏ సీలెంట్ వాడితే శాశ్వతంగా ఆగుతుంది అని అడిగారు.

సీలెంట్ల సంగతి చెబుతాను. కానీ ఈ పనిలో సీలెంట్ ఎంపిక చిన్న భాగమే. పరుపు తడవడం మీకు చిరాకు, అంతే. బోటును తినేసేది డెక్ మధ్యలో ఇంకుతున్న నీరు. అది లోపల చుక్కగా పడదు కాబట్టి ఎవరికీ కనిపించదు. కాలి కింద డెక్ దిగుతోందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం నాకు తడిసిన పరుపు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఆ కాలపు బోట్లలో చాలావాటికి డెక్ ఒకే మందపాటి పలక కాదు. పైన ఒక పలుచటి ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఇంకోటి, రెండింటి మధ్య బాల్సా చెక్క గానీ ప్లైవుడ్ గానీ ఉంటుంది. ఈ మధ్య భాగాన్నే కోర్ అంటాం. బరువు పెరగకుండా గట్టిదనం రావడానికి ఇలా కడతారు. పై పొరా కింది పొరా కోర్‌ని గట్టిగా పట్టుకుని ఉన్నంతకాలమే ఆ గట్టిదనం. బాల్సాను పోగు నిలువుగా వచ్చేలా చిన్న చిన్న ముక్కలుగా పేరుస్తారు. అందువల్ల నీరు పక్కలకు నెమ్మదిగానే పాకుతుంది. కానీ ముక్కల మధ్య సందుల్లో రెసిన్ (పోసాక గట్టిపడే జిగురు) సరిగా నిండకపోతే ఆ సందుల వెంట చాలా దూరం పోతుంది. ప్లైవుడ్‌లో పోగు అడ్డంగా ఉంటుంది కనుక నీరు దాని వెంట అడుగుల కొద్దీ వెళ్లిపోతుంది. చలి ప్రాంతాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంకిన నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బి పొరను కోర్ నుంచి లేపేస్తుంది.

ఇలాంటి డెక్‌కి అప్పట్లో చాలాచోట్ల నేరుగా రంధ్రం వేసి, కాస్త సీలెంట్ పెట్టి, బోల్టు బిగించేశారు. రంధ్రం గోడలో పచ్చి చెక్క అలాగే బయటపడి ఉంటుంది. నీటికీ ఆ చెక్కకీ మధ్య అడ్డు ఆ సీలెంట్ ఒక్కటే. నలభై ఏళ్ల తర్వాత అది ఎండి, చిట్లి, పట్టు వదిలేసి ఉంటుంది. బోల్టు వెంట దిగిన నీటిలో కొంత నట్టు దాకా వచ్చి లోపల చుక్కగా పడుతుంది, మిగతాది కోర్‌లోకి ఇంకుతుంది. కింది నుంచి నట్టు గట్టిగా బిగిసి ఉంటే చుక్క అసలు పడదు, నీరంతా కోర్‌లోకే పోతుంది. అందుకే లోపలి వైపు నుంచి నట్టు చుట్టూ సీలెంట్ పూయడం ఈ పని మొత్తంలో అన్నిటికంటే చెడ్డ పని. చుక్క ఆగుతుంది, సమస్య తీరిందనుకుంటాం, ఈలోగా డెక్ లోలోపల కుళ్లిపోతుంది. సీలెంట్ ఎప్పుడూ పై నుంచే, ఫిట్టింగ్ అడుగున ఉండాలి. కింది వైపు తెరిచే ఉంచాలి. రేపు మళ్లీ కారితే వెంటనే తెలియాలి కదా.

ఇక వెతకడం. ముందు అది నిజంగా కారుదలేనా అని తేల్చుకోండి. చల్లటి రాత్రుల తర్వాత హాచ్ (డెక్ మీద తెరిచి మూసే కిటికీ లాంటి మూత) అల్యూమినియం ఫ్రేము నిండా, చుట్టూ సమంగా తడి ఉంటే అది లోపలి గాలిలోని తేమ చల్లబడి పట్టినది. నీటి ట్యాంకు గొట్టం కారినా పరుపు కింద తడే కనిపిస్తుంది. ఒక్క చుక్క నాలుకకు తగిలించుకుంటే ఉప్పుదో మంచిదో తెలుస్తుంది. తెరచాపను నిలిపే మాస్టు డెక్ గుండా బోటు అడుగున ఉండే కీల్ దాకా దిగే రకమైతే, మాస్టు లోపలి నుంచి కొంత వాన నీరు బిల్జ్‌లోకి (బోటు అట్టడుగు గుంటలోకి) రావడం మామూలే. దాన్ని డెక్ లెక్కలో వేయకండి. నీరు టీ రంగులో గోధుమగా దిగుతోందా చూడండి. అలా ఉంటే అది కోర్‌లోని చెక్కను నానబెట్టి వస్తున్న నీరు.

ఎప్పుడు కారుతోందన్నది కూడా చాలా చెబుతుంది. కట్టేసి ఉన్నప్పుడు వానకే కారుతుంటే హాచ్‌లు, కిటికీలు, నీరు నిలిచే చదును చోట్లు చూడాలి. గాలికి ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నప్పుడు మాత్రమే, అదీ ఒకే పక్క కారుతుంటే హల్‌కీ (బోటు కింది శరీరానికీ) డెక్‌కీ మధ్య అతుకు, మాస్టు తీగలు కట్టే చైన్‌ప్లేట్లు, స్టాంచన్ల మీద అనుమానం పడాలి. మీది వానకే కారుతోంది, అయినా డెక్ మెత్తబడింది స్టాంచన్ల దగ్గర. కాబట్టి నా మొదటి అనుమానం వాటి మీదే. అయినా పరీక్ష చేయకుండా ఏదీ నిర్ణయించకండి. బెర్త్ మీద చుక్క పడిన చోటు ఏమీ చెప్పదు. డెక్ అడుగుకీ లోపలి సీలింగ్ పలకకీ మధ్య సందులో పడిన నీరు బోటు ఎటు వాలి ఉంటే అటు పారుతుంది, ఏ స్క్రూ రంధ్రమో దొరికిన చోట కిందకి దిగుతుంది. అది అసలు చోటికి రెండు మీటర్ల దూరంలో ఉన్నా ఆశ్చర్యం లేదు.

కాబట్టి ఆ పక్క లోపలి సీలింగ్ పలకలు విప్పండి. విసుగు పుట్టించే పనే, కానీ అది చేయకుండా మిగతా పనులన్నీ ఊహలే. డెక్ అడుగు కనిపించాక ఒకరు లోపల టార్చ్ లైటు, టిష్యూ పేపర్లతో కూర్చోవాలి. ఇంకొకరు పైన గొట్టంతో నీళ్లు పట్టాలి. గొట్టానికి నాజిల్ పెట్టవద్దు, నీరు నెమ్మదిగా పారితే చాలు. జోరుగా కొడితే మామూలు వానకి కారని చోట్ల కూడా నీరు దూరుతుంది. అన్నిటికంటే దిగువన ఉన్న చోటు నుంచి మొదలుపెట్టి పైకి రండి. పై నుంచి మొదలుపెడితే ఆ నీరు కిందకి పారి అన్నిటినీ తడిపేస్తుంది, ఏది కారిందో తెలియదు. ఒక్కో ఫిట్టింగ్ దగ్గర కనీసం పది నిమిషాలు ఓపిక పట్టండి. పాత డెక్‌లో నీరు లోపలికి రావడానికి అంత టైమ్ పడుతుంది. లోపలి మనిషి ప్రతి బోల్టు చివరా టిష్యూ ఒత్తి చూస్తుండాలి. కంటికి కనిపించని తడి కూడా దాని మీద వెంటనే తెలుస్తుంది.

గొట్టంతో తేలకపోతే గాలి పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. వెంటిలేటర్లు, డ్రెయిన్లు, కిటికీలు అన్నీ టేపుతో మూసేసి, ఒక హాచ్‌కి సరిపడా ప్లైవుడ్ ముక్కలో రంధ్రం చేసి, ఆకులు ఊదే బ్లోయర్‌ని దాంట్లో బిగించి లోపలికి గాలి కొట్టాలి. పెద్ద ఒత్తిడి అక్కర్లేదు. పైన డెక్ మీద సబ్బు నీళ్లు చల్లుతూ పోతే గాలి బయటికి వచ్చే ప్రతి చోటా బుడగలు లేస్తాయి. నీరు దిగేదీ ఆ దారినే. బుడగ వచ్చిన ప్రతి చోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

అదే రోజు డెక్ మొత్తం తట్టి చూడండి. చిన్న ప్లాస్టిక్ సుత్తి గానీ స్క్రూడ్రైవర్ పిడి గానీ చాలు. మంచి డెక్ ఖణేల్‌మని పలుకుతుంది, పొర విడిపోయినదీ కోర్ నానినదీ బొదబొదమంటుంది. మెత్తటి శబ్దం మొదలైన చోటల్లా గుర్తు పెడుతూ పోతే దెబ్బతిన్న ప్రాంతం మీ కళ్లముందే గీత గీసినట్టు తేలుతుంది. తేమ మీటర్లని గుడ్డిగా నమ్మకండి. డెక్ పైన తడి ఉన్నా, కింద లోహపు ప్లేటు ఉన్నా అవి తప్పు చూపిస్తాయి. ఖచ్చితంగా తెలియాలంటే లోపలి వైపు నుంచి, కింది పొర దాటి కోర్ దాకా, పై పొరను తాకకుండా ఒక చిన్న రంధ్రం వేసి బిట్‌కి అంటుకొచ్చిన చెక్క పొట్టు చూడటమే. పొడిగా, లేత రంగులో వస్తే మంచిదే. నల్లగా, నానిన టీ పొడిలా వస్తే ఆ కోర్ పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఒక స్టాంచన్ని మొదటి నుంచి చివరి వరకు చేసి చూపిస్తాను. ఇది సరిగా చేస్తే తాడు కట్టే క్లీట్, తాడు బిగించే వించ్, తెరచాప తాడు కోసం ఉండే జెనోవా ట్రాక్, చేత్తో పట్టుకునే హ్యాండ్‌రెయిల్ అన్నీ ఇదే పద్ధతి. స్టాంచన్లు ఎందుకు ముందు కారతాయో ఆలోచించండి. కడ్డీ ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు, అడుగున ప్లేటు వెడల్పు ఏడెనిమిది సెంటీమీటర్లు. పైన ఎవరైనా పట్టుకుని 30 కిలోల బలంతో లాగినా, అడుగున బోల్టుల మీద పడేది 200 కిలోలు దాటుతుంది. రేవులో బోటుని స్టాంచన్ పట్టుకుని తోసే అలవాటు చాలామందికి ఉంది. ప్రతి తోపుకీ ప్లేటు ఒక అంచు లేస్తుంది, సీలెంట్ చిరుగుతుంది. బోటులో అందరికీ చెప్పండి, స్టాంచన్ పట్టుకుని లాగవద్దని.

విప్పడానికి ఇద్దరు కావాలి. పైన ఒకరు బోల్టు తల కదలకుండా పట్టుకోవాలి, కింద ఒకరు నట్టు తిప్పాలి. ప్లేటు ఊడకపోతే గునపం పెట్టి పెకలించకండి, జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పైనుండే నునుపు పూత) ఊడొస్తుంది. హీట్ గన్‌తో ప్లేటుని కాస్త వేడిచేసి, సన్నటి గట్టి తీగని అడుగున రంపంలా లాగితే నెమ్మదిగా వదులుతుంది. ప్లేటు వచ్చాక మీరు పూసిన సిలికాన్ మొత్తం పోవాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత చేసేదంతా వృథా. సిలికాన్ మీద ఏ సీలెంటూ పట్టదు, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టదు, పెయింటూ పట్టదు. అసిటోన్ దాన్ని కరిగించదు, పైగా గుడ్డతో రుద్దితే పలుచటి పొరగా చుట్టూ పరుచుకుంటుంది. ప్లాస్టిక్ బ్లేడుతో గీకి, సిలికాన్ రిమూవర్ వాడి, ఆ తర్వాత ఇసుక కాగితం పట్టండి. శుభ్రమైందో లేదో చూడటానికి అక్కడ నీళ్లు చల్లండి. నీరు పలుచగా పరుచుకుని అలాగే నిలిస్తే శుభ్రమైనట్టు. పూసలుగా విడిపోతే సిలికాన్ ఇంకా ఉన్నట్టే, మళ్లీ రుద్దండి.

తర్వాతది అసలు పని. బోల్టు 8 మిల్లీమీటర్లదైతే పై పొరనీ కోర్‌నీ 16 మిల్లీమీటర్ల బిట్‌తో పెద్దది చేయండి, కింది పొరని తాకకుండా ఆపండి. రంధ్రం పెద్దదైనా ప్లేటు కింద దాగిపోతుంది. ఇంకా చుట్టూ కోర్‌ని కొంత తవ్వాలంటే అలెన్ కీని పొట్టిగా కోసి డ్రిల్‌కి బిగించి లోపల తిప్పితే చెక్క పిండిగా రాలుతుంది. పొడి చెక్క తగిలేవరకు తవ్వాలి. తడి ఉంటే ఎండాలి. వేడి దీపం పెట్టి, పైన వాన పడకుండా కప్పి, రోజుల తరబడి ఆగాల్సి రావచ్చు. తడి చెక్క మీద పోసిన ఎపాక్సీ పట్టదు, ఇందులో అడ్డదారి లేదు.

ఎండాక కింది వైపు రంధ్రానికి టేపు అంటించి, ముందు ఏమీ కలపని పలుచటి ఎపాక్సీ పోసి చెక్కని పీల్చుకోనివ్వండి. కాసేపటికి మిగిలినదాన్ని సిరంజితో లాగేసి, అదే ఎపాక్సీలో సిలికా పొడి కలిపి, చెంచా వంచినా జారనంత చిక్కగా చేసి నింపండి. గాలి బుడగ చిక్కుకోకుండా సిరంజి మొనను అడుగు దాకా దించి, నింపుతూ పైకి తీసుకురావాలి. ఒక్కచోట ఎక్కువ లోతు నింపాల్సి వస్తే రెండు విడతలుగా పోయండి, ఒకేసారి పోస్తే అది గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి ఉడికిపోతుంది. ఎండ కాలంలో స్లో హార్డెనర్ వాడండి. ఒక రోజు ఆగి, పైన తేలిన జిడ్డు పొరను నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగి, ఇసుక కాగితం పట్టి, మధ్యలో మళ్లీ 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది గట్టి ఎపాక్సీ గోడ. రేపు పైన సీలెంట్ పోయినా నీరు కోర్‌ని తాకలేదు, నేరుగా కిందికి వచ్చి చుక్కగా పడుతుంది, మీకు తెలుస్తుంది. మీరు అడిగిన శాశ్వత పరిష్కారం అంటూ ఉంటే అది ఈ గోడే. ఏ ట్యూబులోని సీలెంటూ శాశ్వతం కాదు.

ఇంకో చిన్న పని, చాలామంది వదిలేసేది. రంధ్రం పై అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో రెండు మూడు మిల్లీమీటర్లు ఏటవాలుగా చెక్కండి. ప్లేటు బిగించినప్పుడు సీలెంట్ అంతా పక్కలకి పోకుండా ఆ గుంటలో బోల్టు చుట్టూ ఉంగరంలా నిలుస్తుంది. నీటిని ఆపేది నిజానికి ఆ ఉంగరమే.

స్టాంచన్లకీ క్లీట్లకీ నేను వాడేది బ్యూటైల్ టేపు, మెత్తగా జిగటగా ఉండే రబ్బరు పట్టీ. అది ఎప్పటికీ గట్టిపడదు, ఫిట్టింగ్ కొద్దిగా కదిలినా దాంతోపాటు సాగుతుంది, పదేళ్ల తర్వాత విప్పాలన్నా డెక్ దెబ్బతినదు. బోట్ల కోసం చేసే మంచి రకమే కొనండి. చవక రకాలు కొన్ని ఎండకి కారిపోతాయి, కొన్ని పుట్టీలా ఎండిపోతాయి. ప్లేటు అడుగున పూర్తిగా ఒక పొర పరిచి, ప్రతి బోల్టు తల కింద మెడకి చిన్న శంకువులా చుట్టండి. బిగించేటప్పుడు బోల్టు తిరగకూడదు. పైన కదలకుండా పట్టుకుని కింద నట్టు మాత్రమే తిప్పాలి, లేకపోతే చుట్టిన బ్యూటైల్ మెలిపడి చిరుగుతుంది. ఒకేసారి గట్టిగా బిగించకండి. చుట్టూ సమంగా కొంచెం బయటికి ఉబికేవరకు బిగించి ఆపండి, మర్నాడు పావు వంతు తిప్పండి, ఆ మర్నాడు ఇంకాస్త. చల్లటి వాతావరణంలో బ్యూటైల్ బిరుసుగా ఉంటుంది, అప్పుడు ఇంకా నెమ్మదిగా. బయటికి వచ్చింది ప్లాస్టిక్ కత్తితో కోసేయండి.

కింద చిన్న వాషర్లతో సరిపెట్టకండి. 6 మిల్లీమీటర్ల జీ10 అనే గట్టి ఫైబర్‌గ్లాస్ పలకనో, మందపాటి అల్యూమినియం ప్లేటునో బ్యాకింగ్‌గా పెట్టండి. బరువు ఎక్కువ చోటు మీదికి పంచుకుంటే డెక్ వంగడం తగ్గుతుంది, వంగడం తగ్గితే సీలెంట్ బతుకుతుంది. ప్లేటు మూలల్లో జెల్‌కోట్ మీద సన్నటి చీలికలు నక్షత్రంలా పాకి ఉంటే అక్కడ బ్యాకింగ్ సరిపోలేదని అర్థం.

మిగతా సీలెంట్లు ఎక్కడ పనికొస్తాయో చెబుతాను. పాలీసల్ఫైడ్ మంచి పాతకాలపు సరుకు. డీజిల్‌కీ పెట్రోల్‌కీ తట్టుకుంటుంది కనుక ఇంధనం పోసే మూత చుట్టూ అదే వాడాలి, అక్కడ బ్యూటైల్ పనికిరాదు, కరిగిపోతుంది. కానీ యాక్రిలిక్, పాలీకార్బొనేట్ కిటికీలకు పాలీసల్ఫైడ్ తగలనివ్వకండి, ప్లాస్టిక్‌ని పాడుచేస్తుంది. త్రీఎం 5200 లాంటి పాలీయురెథేన్ అంటే సీలెంట్ కంటే జిగురనే అనాలి. హల్‌కీ డెక్‌కీ మధ్య అతుకు లాంటి, మళ్లీ విప్పని చోట్లకి బాగుంటుంది. స్టాంచన్ కింద పెట్టారంటే మాత్రం తర్వాత విప్పేవాళ్లకి జెల్‌కోట్ కూడా ఊడి చేతికొస్తుంది. ట్యూబు మీద ఎంత బలమని రాసి ఉంటే అంత మంచిదనుకోవడం ఈ విషయంలో పొరపాటు.

ఇప్పుడు మీరు అడగని విషయం, కానీ మీ బోటులో నేనైతే అన్నిటికంటే ముందు చూసేది చైన్‌ప్లేట్లు. మాస్టుని పక్కల నుంచి పట్టి ఉంచే తీగలు వచ్చి కలిసేది ఈ స్టీలు పట్టీలకే. డెక్ గుండా అవి దిగే చోట సన్నటి గాడి ఉంటుంది. నడుస్తున్నప్పుడు బరువుకి పట్టీ కదులుతూనే ఉంటుంది కనుక అక్కడ సీలెంట్ అన్నిటికంటే ముందు పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండేది గాలిలోని ఆక్సిజన్ వల్ల దాని మీద ఏర్పడే పలుచటి రక్షణ పొరతోనే. డెక్ మందంలో, తడిలో, గాలి ఆడని ఆ ఇరుకులో ఆ పొర నిలవదు. పైనా కిందా మెరుస్తూ కనిపించే పట్టీ మధ్యలో, మీకు కనిపించని ఆ రెండు మూడు సెంటీమీటర్లలో, సగం తినేసి ఉండొచ్చు. లోపలి చెక్క మీద గోధుమ రంగు తుప్పు చార దిగి ఉంటే ఆలోచించాల్సింది లేదు, పట్టీ బయటికి తీయాల్సిందే. గాలి లేని రోజు, రేవులో, ఒక్కసారికి ఒక్కటే తీయండి. తీసే ముందు ఆ పక్క మాస్టుని ఒక హాలియార్డ్‌తో (తెరచాపను పైకి లాగే తాడుతో) గట్టి క్లీట్‌కి లాగి కట్టండి. గుంటలు, చీలికలు కనిపిస్తే పాలిష్ చేసి మళ్లీ వేయకండి, కొత్తది చేయించండి. గాడి చుట్టూ కోర్ తవ్వి ఎపాక్సీ నింపడం పైన చెప్పినట్టే. పరుపు తడి ఎన్నాళ్లయినా ఓర్చుకోవచ్చు, మాస్టు కూలితే మనుషులకే ప్రమాదం.

హాచ్‌ల విషయంలో కారే చోట్లు మూడు: రబ్బరు గాస్కెట్, ఫ్రేము కింద సీలెంట్, ఫ్రేముకీ అద్దానికీ మధ్య అతుకు. కాగితం ముక్క గాస్కెట్ మీద పెట్టి హాచ్ మూసి లాగండి. చుట్టూ ఒకే బిగుతుతో పట్టుకోవాలి. ఎక్కడ సులువుగా జారితే అక్కడ గాస్కెట్ అణగారిపోయింది. కిటికీల్లో యాక్రిలిక్ పలక ఉంటే అది ఎండకి బాగా సాగుతుందని గుర్తుంచుకోండి. ఒక మీటరు పలక 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఫైబర్‌గ్లాస్ అందులో సగం కూడా పెరగదు. బోల్టు రంధ్రాలు బిగుతుగా ఉంటే పలక అక్కడే చీలుతుంది. కాబట్టి రంధ్రాలు వదులుగా ఉండాలి, సీలెంట్ పొర మందంగా, సాగేలా ఉండాలి. బోటు మొత్తంలో సిలికాన్‌కి నేను ఒప్పుకునేది ఈ ఒక్క చోటే, అదీ అద్దాల కోసమే చేసే న్యూట్రల్ క్యూర్ స్ట్రక్చరల్ రకం.

హల్‌కీ డెక్‌కీ మధ్య అతుకు కారుతోందని తేలితే కంగారు పడకండి. ముందు టోరెయిల్ (డెక్ అంచు వెంట ఉండే పట్టీ) బోల్టులన్నీ వరసగా బిగించి చూడండి, దశాబ్దాలుగా ఎవరూ ముట్టుకోని నట్లు చాలాసార్లు వదులై ఉంటాయి. ఆగకపోతే రెయిల్‌ని కొంత కొంతగా విప్పి కొత్త సీలెంట్‌తో బిగించుకుంటూ రావాలి. వెంట్రుకవాసి చీలికలకి క్యాప్టెన్ టోలీస్ లాంటి, చీలికలోకి తనంతట తాను పాకే పలుచటి ద్రవం పనిచేస్తుంది. ఒక సీజన్ నెట్టుకురావడానికి మంచిదే, కానీ విప్పి చేసే పనికి అది బదులు కాదు.

ఇక మెత్తబడిన డెక్. చిన్న చిన్న రంధ్రాలు వేసి ఎపాక్సీ ఎక్కించేస్తే సరిపోతుందని మీకు చాలామంది చెబుతారు. నీరు పీల్చుకున్న చెక్కలోకి ఎపాక్సీ దూరదు. రంధ్రం చుట్టూ కాస్త గట్టిపడి, మిగతా తడిని లోపలే బంధించేస్తుంది. కోర్ పొడిగా ఉండి పై పొర మాత్రమే విడిపోయిన చిన్న జాగాకైతే ఆ పద్ధతి సరే. కుళ్లిన చోటికి పై పొర కోసి, కుళ్లు తీసి, కొత్త కోర్ వేయాల్సిందే.

రంపం లోతు పై పొర మందానికే సరిపెట్టుకుని, జారకుండా గరుకుగా చేసిన భాగం పక్కన నునుపుగా ఉండే అంచులో కోస్తే, తర్వాత అతుకు పెయింట్ కింద కలిసిపోతుంది. ఆ పలకని పారేయకండి, మళ్లీ అదే అంటించాలి. పొడి చెక్క వచ్చేవరకు తీసేసి, కొత్త బాల్సాని గానీ, నీరు పీల్చని ఫోమ్‌ని గానీ చిక్కటి ఎపాక్సీలో పరిచి, పైన బరువులు పెట్టండి. స్టాంచన్, క్లీట్ వచ్చే చోట మెత్తటి కోర్ వేయకుండా జీ10 ముక్క గానీ, పొరలు పొరలుగా గట్టి ఫైబర్‌గ్లాస్ గానీ వేసేయండి, ఆ చోట మళ్లీ కుళ్లు రాదు. అతుకు దగ్గర రెండు అంచులనీ పొర మందానికి 12 రెట్ల వెడల్పు ఏటవాలుగా గీకి, దాని మీద గాజు బట్ట పరచాలి. 3 మిల్లీమీటర్ల పొరైతే రెండు పక్కలా 36 మిల్లీమీటర్ల చొప్పున అన్నమాట. ఎండ తగిలితే ఎపాక్సీ పాడవుతుంది కనుక పైన పెయింట్ గానీ జెల్‌కోట్ గానీ తప్పనిసరి. గాజు పొడికి మంచి రెస్పిరేటర్ మాస్కు, ఎపాక్సీకి చేతి తొడుగులు లేకుండా మొదలుపెట్టకండి. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలదు.

మీ బోటుకి నేను చెప్పే వరస ఇది. ముందు లోపలి పలకలు విప్పి చైన్‌ప్లేట్లు చూడండి. తర్వాత గొట్టం పరీక్ష, తట్టి చూడటం, గుర్తులు పెట్టడం. మెత్తటి చోటు అరచేతి వెడల్పులో, స్టాంచన్ ప్లేటు చుట్టూనే ఆగితే ప్లేటు విప్పి, అక్కడికక్కడే తవ్వి ఎపాక్సీ నింపితే సరిపోతుంది. అంతకంటే పెద్దదైతే ఈ సీజన్‌కి స్టాంచన్లన్నీ బ్యూటైల్‌తో మళ్లీ బిగించి కొత్త నీరు ఆపండి, డెక్ కోసే పని పొడి వాతావరణంలో, పైన కప్పు ఉన్న చోట పెట్టుకోండి. తడి కాలంలో డెక్ తెరిచి కూర్చుంటే బాగుచేసేదాని కంటే పాడయ్యేదే ఎక్కువ. పని అయ్యాక లోపలి పలకలు వెంటనే బిగించకండి. రెండు మూడు గట్టి వానలు పోనిచ్చి, ప్రతిసారీ బోల్టు చివర్లకి టిష్యూ ఒత్తి చూశాకే బిగించండి.

చైన్‌ప్లేటు బయటికి తీశాక, డెక్ మందంలో ఉండే భాగాన్ని శుభ్రంగా తుడిచి దగ్గర నుంచి ఒక ఫొటో పెట్టండి. డెక్ మీద పెట్టిన పెన్సిల్ గుర్తులది కూడా. అవి చూసి, కోయాలో వద్దో చెబుతాను.